ఖాళీ అన్న మాట

దగ్గరికి జరగండమ్మా. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చి కూర్చోండి. ఇది దూరం నుంచి సగం సగం వినే సంగతి కాదు. సగం విన్నవాళ్ళే ఇంకోచోట ఇంకోలా చెబుతారు.

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో ముందు గుర్తు చేసుకుందాం.

నిన్నమొన్నటిదాకా చేలుగా ఉండి, ఇప్పుడు రోజుకో ప్రహరీ, నెలకో మేడ లేస్తున్న కొత్త పేట అది. కొనేసి, తాళం వేసి, మళ్ళీ తొంగిచూడని స్థలాలు అక్కడ లెక్కలేనన్ని. వాటిలో నడుమెత్తు పెరిగే గడ్డిని, వయ్యారిభామ మొక్కల్ని కోసే మనిషి పిలకమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాగితాల్లో మిగిలిపోయింది. పేటలో అందరికీ ఆమె పిలకమ్మే. ఎందుకంటే రాయి ఉన్నచోట, గొట్టం ఉన్నచోట, గడ్డి కోసే మిషన్లో తిరిగే తీగ తగిలి తెగిపోకుండా చుట్టూ జానెడు గడ్డి కోయకుండా వదిలేస్తుంది. స్థలమంతా నున్నగా గొరిగాక ఆ కుచ్చులు పిలకల్లా నిలబడి ఉంటాయి. మిగతా కూలీలు నవ్వేవాళ్ళు. నవ్వనీ. వాళ్ళ తీగలు పూటకోసారి తెగేవి, ఆమెది తెగేది కాదు.

ఆ పేటలోనే ఒక చిన్న స్థలం ఆమె వదినది. వదిన అంటే భర్తకి సొంత అక్క. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి పద్నాలుగేళ్ళ కిందట కొనుక్కుంది. నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్ళు తనే దగ్గరుండి పాతించుకుంది. రెండు గదులు వేసుకుంటాను, కిటికీ పక్కన కుట్టుమిషన్ పెట్టుకుంటాను అని ఆవిడ చెప్పని రోజు లేదు. ఇప్పుడు చుట్టుపక్కల స్థలాలన్నీ కొనేసిన కంపెనీ, వదిన స్థలాన్ని కూడా కలిపేసుకుని కంచె వేసింది. ఇదేమిటని అడిగితే, ఇక్కడ హద్దురాళ్ళే లేవు, ఇదంతా మాదే, కావాలంటే చూసుకోండి అని ఒక కాగితం నకలు చేతిలో పెట్టింది. ఆ రోజే మధ్యాహ్నం మూడింటికి సర్వేయరు వచ్చి కొలుస్తాడు. వదిన దస్తావేజులో "నాలుగు హద్దురాళ్ళ మధ్య" అని రాసి ఉంది. రాళ్ళే లేకపోతే ఆ మధ్య అనేది ఎక్కడుందని వెతుకుతాడాయన?

ఆ నకలు తెచ్చి వదిన పిలకమ్మ ఇంట్లో, పీట మీద పరిచింది. అడుగున వంకరటింకరగా ఉన్న సంతకం మీద వేలు పెట్టి, "ఇది నీదేనా?" అని అడిగింది. అక్కడ ఆగాం.

"నాదే," అంది పిలకమ్మ.

కాదని చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ సంతకంలో మూడో అక్షరానికి తోక పక్కకి సాగి, గీత దాటి పోతుంది. ప్రపంచంలో ఇంకెవరికీ అలా సాగదు.

వదిన అరిచినా బాగుండేది. ముప్ఫై ఏళ్ళుగా దారం కొరికి కొరికి అరిగిన ముందు పళ్ళతో కింది పెదవి నొక్కిపట్టి కూర్చుంది.

"చదివి వినిపించు," అంది చివరికి.

"నాకు కూడబలుక్కోవాలి వదినా."

"కూడబలుక్కునే చదువు. ఎంతసేపైనా కూర్చుంటాను."

పిలకమ్మ కాగితాన్ని వెలుతురు వైపు తిప్పింది. "స... ద... రు. సదరు స్థలము పూర్తిగా ఖాళీ అని... ధ్రు... ధ్రు..."

"ధ్రువీకరిస్తున్నాను," అని వదిన అందించింది. "అంటే నా స్థలంలో ఏమీ లేదని నువ్వు సాక్ష్యం చెప్పావన్నమాట. పరాయివాళ్ళు ఎవరూ దొరకలేదు వాళ్ళకి. నా తమ్ముడి పెళ్ళామే దొరికింది."

"చుట్టూ ఉన్న కంపెనీ స్థలాలతో పాటే నీదీ కోసెయ్యమన్నారు, పని అయిపోయిందని పెట్టే సంతకం అనుకున్నాను. అందులో ఖాళీ అన్న మాట కనబడింది. అది మేము రోజూ అనేదే కదా."

ఆ మాట నిజమే. గడ్డి కోసేవాళ్ళకి ఆ మాట ఒక కట్టుబాటు. మిషన్ మొదలుపెట్టే తాడు లాగే ముందు ఒకరు పొడుగు కర్ర పట్టుకుని స్థలమంతా తిరగాలి. గడ్డిలో మేక పడుకుని ఉండొచ్చు, తాగి పడిపోయిన మనిషి ఉండొచ్చు, పాము ఉండొచ్చు. కర్రతో కొడుతూ ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చి, గొంతెత్తి "ఖాళీ" అని అరవాలి. ఆ అరుపు వినబడేదాకా రెండోవాళ్ళు తాడు ముట్టుకోకూడదు. పిలకమ్మ చేతిలో ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణి గాయపడలేదంటే ఆ ఒక్క మాట వల్లే. ప్రాణం లేదు, మొదలుపెట్టొచ్చు. వాళ్ళ నోట ఖాళీ అంటే అంతే అర్థం. ఆ అర్థంతోనే ఆమె సంతకం చేసింది.

మూలన కూర్చుని నూనెగుడ్డతో మిషన్ తుడుస్తున్న పిన్ని తలెత్తింది. పిలకమ్మతో కలిసి పనికి వెళ్ళేది ఆవిడే. ఆ మిషన్ మోతకే ఆవిడ చెవులు సగం పోయాయి.

"ఎవరి మీద జాలి?" అంది పిన్ని.

"జాలి కాదు పిన్నీ. ఖాళీ."

"ఖాళీయేనా? అయితే తాడు లాగనా?"

మామూలు రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు. వదిన పిన్ని వైపు చూసి, మళ్ళీ పిలకమ్మ వైపు తిరిగింది.

"చూశావా? మీ ఇద్దరికీ అర్థమయ్యే మాట అది. వాళ్ళకి ఆ అర్థంతో పనిలేదు. నీ చేత్తో రాయించుకున్నారు, చాలు. పద్నాలుగేళ్ళమ్మా. ఎన్ని కాలర్లు తిప్పానో, ఎన్ని గుండీలు కుట్టానో. వేరేవాళ్ళ చేత కోయిస్తే రాళ్ళకి దెబ్బ తగులుతుందని నీచేతే కోయించుకున్నాను. తమ్ముడికి చెప్పావా ఈ సంగతి?"

"పొద్దున్నే డ్యూటీకి పోయాడు. ఫోను ఎత్తడం లేదు."

పిలకమ్మ భర్త ఆ కంపెనీలోనే నేల చదును చేసే ట్రాక్టరు నడుపుతాడు. అన్నం పెట్టే చోట గొడవెందుకని మెత్తగా నడుచుకునే మనిషి. అక్క ఎదురైతే మాత్రం ఇప్పటికీ కూర్చోకుండా, నిలబడే మాట్లాడతాడు. అమ్మ పోయాక ఒళ్ళో పెట్టుకుని పెంచింది ఆ అక్కే.

పిలకమ్మ కాగితం మడిచి రవికలో దోపుకుంది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది మెల్లగా ఎక్కుతుందని ఆమెకి ఆ రోజే తెలిసింది. మొదట తన మీద తనకి వచ్చింది. కూడబలుక్కోవడానికి బద్ధకించి సంతకం పెట్టినందుకు. ఆ తరవాత, అక్షరాలు రానివాళ్ళ చేతికి అక్షరాల కాగితం ఇచ్చి, "ఇక్కడ పెట్టమ్మా, ఎండలో నిలబడకు, త్వరగా వెళ్ళిపో" అని అంత ప్రేమగా చెప్పినవాడి ముఖం గుర్తొచ్చింది.

"లే వదినా," అంది. "వెళ్దాం."

కంపెనీ సైటాఫీసు రేకుల షెడ్డే గానీ లోపల ఏసీ. అద్దం తలుపు తీయగానే చల్లగాలి ముఖాన కొడుతుంది. గోడకి పేట బొమ్మ, అందులో స్థలాలన్నీ రంగురంగుల డబ్బాలు. పచ్చవి అమ్ముడైనవి, తెల్లవి అమ్మాల్సినవి. వదిన స్థలం ఉండాల్సిన చోట ఒక తెల్ల డబ్బా, దాని మీద కంపెనీ అంకె. వదిన దాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. తన పేరు ఉండాల్సిన చోట వేరే ఎవరి పేరో ఉంటే కోపమైనా వస్తుంది. పేరే లేకుండా, ఎవరికైనా ఇచ్చేస్తాం అన్నట్టు తెల్లగా ఉంటే ఏం చేయాలో మనిషికి తెలియదు.

మేనేజరు లేచి నిలబడ్డాడు. ఎంత ఎండలోనైనా చొక్కా మడత నలగని మనిషి. అందుకే పనివాళ్ళు ఆయన్ని చాటుగా ఇస్త్రీబాబు అంటారు.

"రండమ్మా, కూర్చోండి. ఇంత ఎండలో వచ్చారేంటి? ఫోను చేస్తే సరిపోయేది కదా."

"కూర్చోడానికి రాలేదు," అంది పిలకమ్మ. కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నాచేత ఎందుకు రాయించుకున్నారు?"

"రాయించుకోవడం ఏంటమ్మా? పని చేశారు, చేసినట్టు సంతకం పెట్టారు. అందరూ పెడతారు."

"చేసినట్టు అని ఉందా ఇందులో? స్థలంలో ఏమీ లేనట్టు ఉంది."

"ఖాళీ అని ఉంది. ఖాళీయే కదా. గడ్డి కోసేశాక ఇంకేముంటుంది?" ఇస్త్రీబాబు గొంతు పెంచలేదు. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు నవ్వాడు. "ఖాళీ అంటే ఖాళీ. దానికి ఇంకో అర్థం ఉందా చెప్పండి?"

పిలకమ్మ బల్ల అవతల ఉన్న కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

"నేను ఇటు వస్తూ, ఆ కుర్చీ ఖాళీయేనా బాబూ అని అడిగాననుకో. నువ్వేమంటావు?"

"ఖాళీయే, కూర్చోండి అంటాను."

"అంటే కుర్చీ లేదనా? దానికి నాలుగు కాళ్ళు లేవనా? మనిషి లేడని. అంతే కదా. ఈ ఆడమనిషి స్థలానికి కూడా నాలుగు కాళ్ళున్నాయి. నేను ఖాళీ అన్నాను, మనిషి లేడని. కాళ్ళు విరగ్గొట్టమని నీకెవరు చెప్పారు?"

గది మూలన కంప్యూటరు ముందు కూర్చున్న పిల్ల టైపు చేయడం ఆపింది. ఇస్త్రీబాబు ఒకసారి ఆ వైపు చూశాడు. ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది గానీ, చప్పుడు వట్టిదే, వేళ్ళు కదలడమే తప్ప అక్షరాలు పడడం లేదు.

"కుర్చీల మాటలు ఆఫీసుల్లో చెల్లవమ్మా. కాగితం చెల్లుతుంది. అక్కడ రాళ్ళున్నాయని మీరంటున్నారు. ఉన్నట్టు రుజువేది?"

"నేను చూశాను. పద్నాలుగేళ్ళుగా వాటి చుట్టూ కోస్తున్నాను."

"మీరు వాళ్ళ చుట్టం. చుట్టం మాట ఎవరు నమ్ముతారు?"

వదిన అప్పటిదాకా గోడ దగ్గరే నిలబడి ఉంది. అక్కడి నుంచే అంది. "సంతకం పెట్టించుకున్నప్పుడు చుట్టం కాదా బాబూ ఇది? అప్పుడు దీని మాట నమ్మావు. నీకు కావాల్సింది చెబితే సాక్షి, నాకు కావాల్సింది చెబితే చుట్టమా?"

ఇస్త్రీబాబు బల్ల మీద ఉన్న కలాన్ని ఎత్తి, మళ్ళీ అదే చోట పెట్టాడు.

పిలకమ్మ బుర్ర ఆ కాస్త సమయంలోనే ఎక్కడికో పరిగెత్తింది. పని అయిపోగానే ఒక కట్టుబాటు ఉంది. కోయకముందు ఒక ఫోటో, కోశాక ఒక ఫోటో. రెండూ ఆఫీసుకి పంపితేనే పని అయినట్టు. ఆమెకి ఫోటోలు తీయడం సరిగ్గా రాదు, వేలు అడ్డం వస్తుంది. అందుకని పిన్ని తీసేది. పంపాక ఫోన్లో చోటు చాలక తుడిచేసేవాళ్ళు. వీళ్ళ దగ్గర లేవు. వచ్చినచోట ఉండాలి కదా.

"కోశాక పంపిన ఫోటో చూపించు," అంది.

"ఏ ఫోటో?"

"ఈ కాగితం మీద తారీకు ఉంది చూడు, ఆ రోజుది. గడ్డి సరిగ్గా పోలేదని రెండుసార్లు ఫోటో తిప్పి పంపించిన ఆఫీసే కదా ఇది."

"పాతవి ఉంచమమ్మా. ఎప్పటికప్పుడు తీసేస్తాం."

"ఉన్నాయి సర్," అంది కంప్యూటరు పిల్ల.

మంచి చెడు ఆలోచించి అన్నది కాదది. ఉన్నదాన్ని ఉందని చెప్పడం అలవాటు, నోరు జారింది. అనేశాక నాలుక కరుచుకుంది. ఇస్త్రీబాబు చూసిన చూపుకి ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. అయితే అప్పటికే పిలకమ్మ, వెనకే వదిన వెళ్ళి తెర ముందు వంగి నిలబడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళు ఇటూ అటూ నిలబడితే తెర ఎలా ఆర్పేస్తాడు?

ఫోటో తెరిచారు. నున్నగా కోసిన స్థలం, ఎండుతున్న గడ్డి పోగులు, ఒక చివర కర్ర పట్టుకున్న పిలకమ్మ. నాలుగు మూలలా నాలుగు పిలకలు. నడుమెత్తున, గుబురుగా, ఎవరో దారం పట్టి కొలిచి నాటినట్టు.

"అవిగో," అంది వదిన. ఆ మాటలో ఏడుపు ఉందో ఊపిరి ఉందో తెలియలేదు. "మోకాలెత్తు రాళ్ళు కదూ. గడ్డిలో మునిగిపోయాయి. లోపల ఉన్నాయవి."

"గడ్డి కుచ్చులు కనబడుతున్నాయి," అన్నాడు ఇస్త్రీబాబు. "రాళ్ళు కనబడడం లేదు. మూలలు సరిగ్గా కోయలేదు మీరు. పని బాగాలేదని ఆ రోజే అనాల్సింది."

పిలకమ్మకి ఒళ్ళు మండిపోయింది. స్థలం పోవడం ఒక ఎత్తు, పని బాగాలేదనడం ఇంకో ఎత్తు. ఎన్ని వర్షాకాలాలు బురదలో దిగబడిందో, పల్లేరుకాయలు పాదాల్లో గుచ్చుకుంటే ఎన్ని సాయంత్రాలు పిన్నీసుతో తీసుకుందో ఆ ఇస్త్రీ చొక్కాకేం తెలుసు.

"నేను ఊరికే పిలక వదలను," అంది. ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "ఈ పేటలో ఏ కూలీనైనా పిలిచి అడుగు. పిలకమ్మ పిలక వదిలిందంటే లోపల ఏముందని అడుగు. ఆ తరవాత ఇంకో మాట విను. ఏళ్ళ తరబడి కొయ్యని గడ్డికి మోడు ముదురుతుంది. ఎప్పటికప్పుడు కోసే గడ్డి దుబ్బు వేరు, కొయ్యని దుబ్బు వేరు. రాళ్ళు మీరు పీకేసి ఉంటారు. దుబ్బుల్ని పీకలేదు కదా. ఇప్పుడు కూడా ఆ నాలుగూ అక్కడే నిలబడి ఉంటాయి. ఒక్కోదాని నడుమ రాయి ఊడిన గుంత ఉంటుంది. మూడింటికి సర్వేయరు వస్తాడుగా. నేనే వేలు పట్టుకుని తీసుకెళ్ళి ఆయన చెయ్యి ఆ గుంతలో పెట్టిస్తాను."

ఇస్త్రీబాబు ముఖంలో మొదటిసారి మడత పడింది. ఫోను పట్టుకుని, "ఒక్క నిమిషం," అని బయటికి వెళ్ళాడు. అద్దం తలుపు అవతల ఆయన చెయ్యి గాల్లో అడ్డంగా, కోస్తున్నట్టు ఊగడం కనబడింది. మాటలు వినబడలేదు.

లోపలికి వచ్చేసరికి మళ్ళీ అదే నవ్వు. "కోపతాపాలు ఎందుకమ్మా. మీలాంటి పనిమంతులు మాకు కావాలి. ఈ పేట మొత్తం గడ్డి పని ఏడాది పొడుగునా మీకే ఇచ్చేద్దాం. మూలలు సరిగ్గా కోయలేదని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు. టీ చెప్పాను, తాగి వెళ్దురుగాని."

పిలకమ్మ వదిన వైపు చూడలేదు. చూస్తే, నా కోసం నీ పని పోగొట్టుకోకు అని ఆవిడ కళ్ళతో చెబుతుందని తెలుసు.

"నీ పేట నువ్వే కోసుకో," అంది. "చేతికి కాస్త మట్టి అంటుతుంది. మంచిదే."

టీ వచ్చింది. గ్లాసులు పెట్టే వంకతో కంప్యూటరు పిల్ల లేచి దగ్గరికొచ్చింది. వంగి, పెదవులు కదలకుండా అంది. "ఆంటీ, తాగకండి. ఇప్పుడే వెళ్ళండి. మీ స్థలంలో ఆ గడ్డి పిలకలు కోసెయ్యమని ఎవరికో చెప్పారు."

పిలకమ్మ పరిగెత్తింది. యాభై దాటిన మనిషి, కొంగు నడుముకి బిగించి, కంకర రోడ్డు మీద పరిగెడుతుంటే ఇటుకలు మోసేవాళ్ళు తట్టలు దించి చూశారు. వదిన మోకాళ్ళు అంత వేగం పోనివ్వవు. "నువ్వు పో, నేను వస్తాను, పో," అని వెనక నుంచి అంటూనే ఉంది. పన్నెండు దాటిన ఎండ. కొత్తగా వేసిన తారు చెప్పులకి అంటుకుంటోంది. మూడు మలుపులు తిరిగేసరికి మిషన్ మోత చెవిన పడింది.

కంచె తలుపు బార్లా తీసి ఉంది. లోపల చదును చేసే ట్రాక్టరు సిద్ధంగా నిలబడి ఉంది. ముందు కోసేయడం, ఆ వెంటనే ట్రాక్టరు తిప్పేయడం. గుంతలు మూసుకుపోతాయి, దుబ్బులు మట్టిలో కలిసిపోతాయి. సర్వేయరు వచ్చేసరికి అరచేయంత నున్నగా ఉంటుంది నేల. ముఖానికి ఇనుప జాలీ ముసుగు కట్టుకున్న మనిషి ఒకడు మిషన్ ఊపుతున్నాడు. ఈశాన్యం మూలన పిలక లేదు. దాని పక్క మూలన కూడా లేదు. మూడోదాని వైపు నడుస్తున్నాడు.

మిషన్ తిరుగుతున్న స్థలంలోకి మనిషి అడుగుపెట్టకూడదు. ఆ కట్టుబాటు పిలకమ్మదే. ఎంతమందికి నేర్పిందో, ఎంతమందిని తిట్టిందో. ఆ రోజు ఆమే అడుగుపెట్టింది.

"ఖాళీ కాదు," అని అరిచింది. ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా పెట్టి అరిచింది. "ఖాళీ కాదు ఇది. మనిషి ఉంది."

అరుస్తూనే వెళ్ళి మూడో దుబ్బు ముందు కూర్చుండిపోయింది. తెగిన గడ్డి తునకలు వచ్చి చెంపల మీద, కనురెప్పల మీద పడ్డాయి. కళ్ళు మూసుకోలేదు. తీగ బారెడు దూరంలో గుండ్రంగా తిరిగి, మెల్లగా దడదడలాడి, ఆగిపోయింది. చెవుల్లో మోత మాత్రం ఇంకాసేపు మిగిలింది.

మిషన్ పిడి మీద చుట్టిన ఎర్ర గుడ్డ కనబడింది ఆమెకి. ఆ గుడ్డ చుట్టింది తనే. పొద్దున ఇంట్లో పిన్ని తుడిచిన మిషన్ అది.

మనిషి ముసుగు ఎత్తాడు. ఆమె భర్త.



"లే," అన్నాడతను. "తగిలి ఉంటే ఏమయ్యేది? పిచ్చి పట్టిందా నీకు?"

"నువ్వా."

"పైనుంచి ఫోను వచ్చింది. వెంటనే కోసి చదును చేయమన్నారు. ఇల్లు దగ్గరే కదా, పిన్నినడిగి మన మిషన్ తెచ్చాను. పని చెబితే చేయాలి కదా."

"ఇది ఎవరి స్థలమో తెలియదా నీకు?"

అతను ట్రాక్టరు వైపు చూశాడు.

"ఏమయ్యా, నిన్నే. ఇటు చూడు. నీ నోట్లో ముద్ద పెట్టి పెంచిన మనిషి స్థలం ఇది. ఆవిడ మోకాళ్ళు అరిగింది ఆ కుట్టుమిషన్ తొక్కే. నేను చదువు రాక సంతకం పెట్టాను. నువ్వు తెలిసి తెలిసి నరుకుతున్నావు."

"నన్నేం చేయమంటావు? వద్దంటే తాళంచెవి ఇచ్చేసి పొమ్మంటారు. ఈ వయసులో నాకు ట్రాక్టరు ఎవరిస్తారు? అక్కకి ఇంకోచోట స్థలం చూపిస్తామన్నారు. మాటిచ్చారు."

"ఎప్పుడిచ్చారు?"

"రాళ్ళు తీసినప్పుడు."

అనేశాక గానీ తెలియలేదు అతనికి, ఏమన్నాడో. పిలకమ్మ నేల మీది నుంచి మెల్లగా లేచింది. చీరకి అంటిన గడ్డి దులుపుకోలేదు.

"ఎవరు తీశారు?"

అతను మిషన్ పిడి మీది ఎర్ర గుడ్డ సర్దాడు.

"ట్రాక్టరుతో తీశారా?"

అతను తల వంచుకున్నాడు. ముసుగు పట్టీ గడ్డం కింద వేలాడుతోంది. 

"ఎక్కడున్నాయవి?" అంది. "చెప్పు. రాళ్ళు చచ్చిపోవు. ఎక్కడ పారేశావు?"

"పారేయలేదు. పారేయమన్నారు గానీ మనసొప్పలేదు. మంచి రాళ్ళు. అంకె చెక్కి ఉన్నాయి." మోత ఆగిన స్థలంలో అతని గొంతు కంచె దాకా వినబడుతోంది. "పెరట్లో బట్టలుతికే చోట బురదవుతోందని నువ్వే అన్నావు కదా."

రెండు నెలల కిందటి మాట అది. ఒక ఆదివారం పొద్దున అతనొక్కడే చెమటలు కక్కుతూ నాలుగు రాళ్ళు పెరట్లో పరిచాడు. ఎక్కడివని అడిగితే, సైటులో మిగిలినవి అన్నాడు. ఎంత సంబరపడిందో పిలకమ్మ. ఇన్నేళ్ళకి ఇంటి పని ఒకటి తనంతట తాను చేశాడని వీధి వీధంతా చెప్పుకుంది. అంకె ఉన్న వైపు నేలకి తిప్పి పరిచాడన్నమాట. వాటి మీదే రోజూ అతని చొక్కాలు ఉతికింది. ఆ పొద్దునే, కాగితం పట్టుకుని వచ్చిన వదిన, ఇంట్లో అడుగుపెట్టే ముందు ఆ రాళ్ళ మీదే నిలబడి కాళ్ళు కడుక్కుంది. "మీ ఇంట్లో ఈ ఒక్క చోటు హాయిగా ఉందమ్మా" అని కూడా అంది.

పిలకమ్మ చెయ్యి లేచింది. కొట్టడానికో, నోరు మూయమనడానికో ఆమెకే తెలియదు. లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

కంచె తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. మోకాలు పట్టుకుని, రొప్పుతూ, వదిన లోపలికి వచ్చింది. తెగిన రెండు మూలల్ని చూసింది. తమ్ముడి చేతిలోని మిషన్ చూసింది.

"ఏ రాళ్ళురా తమ్ముడూ?" అంది. "బట్టలుతికే చోట ఏ రాళ్ళు?"

అమ్మా, ఇంతవరకు విన్నారు కదా. ఈ వారానికి ఇక్కడికి చాలు. తమ్ముడు ఏం చెప్పాడో, సర్వేయరు వచ్చి ఏం చూశాడో వచ్చేవారం చెబుతాను, అందాకా మీ నోటితో కల్పించకండి. జరిగింది జరిగినట్టు గుర్తు పెట్టుకోండి. కాగితం మీద ఏదో మాట చూసి, అది మనకి తెలిసిన మాటే కదా అని సంతకం పెట్టబోయే ఆడమనిషి ఎవరైనా మీకు ఎదురైతే, ఆపి కూర్చోబెట్టి, పిలకమ్మ సంగతి మొదటి నుంచి చెప్పండి.